యాభై మీటర్లు సరే, ఎక్కణ్ణించి?

చెరువును ఆనుకుని పక్కా ఇల్లు కట్టొద్దనే నిబంధనతో నాకు పేచీ లేదు. ఒడిశాలోని బరంపురంలో ఇళ్ల ప్లాన్లు గీసి, అనుమతుల కాగితాలు తయారుచేసి బతికేవాణ్ణి కాబట్టి పేచీ ఉండి తీరాలని నా దగ్గరికొచ్చేవాళ్లు అనుకుంటారు. లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఇక్కడికి దగ్గర్లోనే, గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో పల్లపు ప్లాట్లలో నిలిచిన నీళ్లు చూసినవాడెవడూ చెరువుకు చోటెందుకని అడగడు. నా పేచీ వేరే. గీత దాటితే తప్పు అంటారు, ఆ గీత నేల మీద ఎక్కడుందో మాత్రం ఎవరూ చూపించరు. ఈ రెండింటి మధ్య నలిగేది బిల్డరు కాదు, అప్పు చేసి ఆఖర్న ప్లాటు కొన్నవాడు.

ముందు నిబంధన సంగతి. కేంద్రం 2017 సెప్టెంబరు 26న చిత్తడి నేలల (సరస్సులు, మడుగులు, బురద నేలల) పరిరక్షణ, నిర్వహణ నిబంధనలు తెచ్చింది. 2010 నాటి నిబంధనల స్థానంలో వచ్చినవి ఇవి. వీటిలో నాలుగో నిబంధన నా పనికి నేరుగా తగిలేది. చిత్తడి నేలను ఇంకో అవసరానికి మార్చకూడదు, ఆక్రమించకూడదు, చెత్త పోయకూడదు. గత పదేళ్లలో గమనించిన గరిష్ఠ వరద మట్టాల సగటు నుంచి 50 మీటర్ల లోపల పడవల జెట్టీ తప్ప శాశ్వత కట్టడమేదీ లేవకూడదు. పదేళ్లంటే ఏ పదేళ్లో కూడా రాశారు: నిబంధనలు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి వెనక్కి. అంటే ఫైలిన్ వచ్చిన ఏడాది కూడా ఆ లెక్కలో ఉంది.

చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు టేపు పట్టుకుని గట్టు మీదికి రండి. వైశాఖంలో నీళ్లున్న చోటినుంచి కొలిస్తే చెల్లదు, వరద మట్టం నుంచి కొలవాలి. వరద మట్టం ఎవరు రాసిపెట్టారు? పెద్ద నదుల మీద గేజీలుంటాయి, రోజూ రీడింగు తీసేవాళ్లుంటారు. ఊరి పక్క మడుగుకు గేజి పెట్టిన మహానుభావుడు నాకైతే ఇంతవరకూ కనబడలేదు. పది వర్షాకాలాల గరిష్ఠాలు లేనప్పుడు వాటి సగటు ఎక్కణ్ణించి వస్తుంది? గోడల మీది బురద మరకలు చూస్తారు, పెద్దవాళ్లను అడుగుతారు, ఉపగ్రహ చిత్రం తిరగేస్తారు. సర్వే చేసే అమీన్ ఒకచోట కర్ర పాతుతాడు. రెండోసారి కొలిచినప్పుడు అదే కర్ర ఇంకోచోట పడుతుంది.

మరి ప్రభుత్వం దగ్గర మ్యాపులే లేవా అంటే ఉన్నాయి. అసలు కిటుకు అక్కడే ఉంది. అహ్మదాబాదులోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2006-07 ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటి చిత్తడి నేలల అట్లాసు తయారుచేసింది, 2011లో అది బయటికొచ్చింది. 2.25 హెక్టార్లకు మించినవి 2,01,503 అని తేల్చారు. సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో వీటన్నిటికీ 2010 నిబంధనల్లోని నాలుగో నిబంధన సూత్రాలు వర్తింపజేయాలని చెప్పింది. మంచి పని. కాని ఆ అట్లాసు స్కేలు చూడండి: 1:50,000. మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. నిబంధన కాపాడమన్న ఆ యాభై మీటర్లూ ఈ మ్యాపులో ఒక్క మిల్లీమీటరు, పెన్ను మొద్దుబారితే అంత మందం గీతే పడుతుంది. 2.25 హెక్టార్ల చెరువు అందులో 3 మిల్లీమీటర్ల గడి.

ఇంకోవైపు నుంచి చూసినా అంతే. ఆ చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద సుమారు 23.5 మీటర్ల చదరం. అంటే 552 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 5,940 చదరపు అడుగులు, 13 డిసిమిల్ (అంటే సెంట్లు) పైచిలుకు. మా దగ్గర మామూలు ప్లాటు ముప్పై బై నలభై, 1,200 చదరపు అడుగులు. ఒక్క చుక్కలో సుమారు అయిదు కుటుంబాల ఇళ్లు పడతాయి. ఆ చుక్క నీలంగా ఉందా ఆకుపచ్చగా ఉందా అన్నదాన్ని బట్టి అయిదు కుటుంబాల జాతకం చెప్పలేం. అట్లాసు చేసినవాళ్లను తప్పుపట్టడం లేదు. దేశంలో నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి చేసింది అది, ఇంటి ప్లాను పాసు చేయడానికి కాదు. అందుకే 2017 నిబంధనలు కూడా అక్షాంశ రేఖాంశాలతో హద్దు మ్యాపు వేయాలని, దాన్ని నేల మీదికి వెళ్లి సరిచూడాలని, దాని మీద ప్రభావం చూపే పరీవాహకాన్ని కూడా గుర్తించాలని, అక్కడివాళ్లకు ముందునుంచీ ఉన్న హక్కుల వివరం రాయాలని చెప్పాయి. ఏడాదిలో రాష్ట్రమంతటి డిజిటల్ జాబితా తయారవ్వాలన్నారు. ఏడేళ్లు గడిచాక, 2024 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది: మూడు నెలల్లో హద్దుల గుర్తింపు, నేల మీద సరిచూడటం పూర్తిచేయండి అని. అప్పటికి కొత్త లెక్కలో చిత్తడి నేలలు 2,31,195 అయ్యాయి.

చిలకా సరస్సు గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మద్రాసు మెయిల్లో కలకత్తా వెళ్లిన ప్రతివాడూ రంభ దగ్గర కిటికీ పక్కకు జరిగి చూసినదే. 1981లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు ఎక్కిన మన దేశపు తొలి రెండింటిలో అదొకటి, రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్. వేసవిలో చిలకా 906 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,165. మధ్యలో తేడా 259 చదరపు కిలోమీటర్లు. ఆర్నెల్లు నేల, ఆర్నెల్లు నీరు. ఆ జాగా ఎవరిదన్నదే చిలకా గొడవలన్నిటికీ మూలం. పశువులు మేపుకునేవాడిది ఒక మాట, వల వేసేవాడిది ఒక మాట, రొయ్యల ఘెరీ (గట్టుతో మూసిన మడుగు) కట్టినవాడు మాత్రం మాటలతో పని లేకుండా గట్టు పోసేస్తాడు. సరస్సు స్వరూపం కూడా నిలకడ కాదు. ఇసుక మేటలతో, ఉప్పు తగ్గిపోయి, 1993లో అది ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల చిట్టాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక కోలుకుంది, 2002లో ఆ చిట్టా నుంచి బయటపడింది. అది బాగుపడిన కథే, నేనూ గర్వంగా చెప్పుకుంటాను. కాని హద్దు గురించి మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది వేరు: నీళ్ల అంచు కదులుతుంది, మనిషి పట్టా కదలదు.

చిలకాకు కనీసం 1991 నుంచీ ఒక అభివృద్ధి సంస్థ ఉంది, కొలిచేవాళ్లున్నారు. జాతీయ రహదారి పక్కన, ఛత్రపురం దగ్గరి టంపరా సంగతి నాకు ఎక్కువ దిగులు. మంచినీటి సరస్సు, సుమారు 300 హెక్టార్లు. 2021లో రామ్‌సర్ హోదా వచ్చింది. హోదా వచ్చిందంటే వేరే నోటిఫికేషను కోసం చూడక్కర్లేదు, నిబంధనలు నేరుగా వర్తిస్తాయి. జిల్లా కేంద్రం పక్కనే, హైవే పక్కనే, నీళ్ల పక్కనే. బ్రోకర్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఇచ్ఛాపురంలో ఉండే మా మేనత్త కొడుకు ఆ చుట్టుపక్కల ఒక ప్లాటు చూసి ఫోన్ చేశాడు. కొనకముందే చేశాడు, అంతవరకు నయం. చెరువు దగ్గరరా, ఆగు అన్నాను. "ఏటి బావా, నీల్లెక్కడున్నాయి ఇక్కడ? గేదెలు మేస్తన్నాయి కదా!" అన్నాడు. ఏప్రిల్లో మాట అది. ప్లాట్లు ఎప్పుడూ ఏప్రిల్లోనే చూపిస్తారు. ఆశ్వయుజంలో రమ్మంటే బ్రోకరుకు ఏదో ఒక పెళ్లి ఉంటుంది. గేదెలు మేస్తున్నాయంటే పచ్చగడ్డి ఉందన్నమాట, ఏప్రిల్లో పచ్చగడ్డి ఉందంటే కింద నీరుందన్నమాట అని చెబితే, "కాగితం మీద రాసుందా?" అని అడిగాడు. లేదు. తొలి తప్పు అక్కడే ఉంది మరి. వాడిది కాదు, కాగితానిది.

ఒడిశాలో భూమి కాగితం ఎలా ఉంటుందో అవతలివాళ్లకు కొంచెం చెప్పాలి. పట్టాలో ఖాతా, ప్లాటు నంబరు, విస్తీర్ణం, కిస్సం ఉంటాయి. కిస్సం అంటే భూమి ఏ రకమో చెప్పే గడి. జలాశయ (నీటి జాగా), గోచర్ (పశువుల మేత భూమి), సారద (వరి పొలం), ఘరబారి (ఇంటి స్థలం) ఇలా. ప్రభుత్వ భూలేఖ్ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చుకోవాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, కిస్సం ఘరబారిగా మార్పించుకోవాలి. ఆ మార్పు జరిగిపోతే కొనేవాడికి కొండంత ధీమా. బ్యాంకుకూ ధీమా. నేను చూసిన మార్పు కాగితాల్లో వేటిలోనూ ఈ ప్లాటు ఫలానా చెరువు వరద మట్టానికి ఎన్ని మీటర్లలో ఉందో చెప్పే గడి లేదు. అంటే ఒక ఆఫీసు ఇల్లు కట్టుకోవచ్చంటుంది, ఇంకో చట్టం కట్టకూడదంటుంది, రెండూ ప్రభుత్వానివే.

పాత దస్తావేజులు ఇంతకంటే నిజాయితీగా ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీ. మా ఇంట్లో తాతలనాటి దస్తావేజు తెలుగులో ఉంది. చెక్కుబందీలో తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర చెరువు గట్టు, గట్టు కింద పారుదల కాలువ అని వివరంగా ఉంటుంది. అదే నేల చేతులు మారి, ముక్కలై, ఇటీవలి కాగితాల్లోకి వచ్చేసరికి పడమర ప్లాటు నంబరు అయిపోయింది. గట్టు లేదు, కాలువ లేదు. ఎవరూ చెరువును కబ్జా చేయలేదు, కాగితంలో ఎత్తి రాయడం మానేశారంతే.

చిన్న చెరువుల దగ్గర నిబంధనకే ఒక కన్నం ఉంది. చిత్తడి నేల నిర్వచనం చాలా పెద్దది. సహజమైనా కృత్రిమమైనా, ఏడాదంతా ఉన్నా కొన్నాళ్లే ఉన్నా, మంచినీరైనా ఉప్పునీరైనా అందులోకి వస్తుంది. వెంటనే మినహాయింపులు: నదీ మార్గాలు, వరి మళ్లు, తాగునీటికోసం తవ్విన చెరువులు, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, వినోదానికి, సాగునీటికి కట్టినవి ఇందులోకి రావు. మా గంజాం జిల్లాలో ఊరూరా ఉన్న చెరువులు ఎందుకు తవ్వారు? సాగుకే. అయితే పట్టణం పెరిగి ఆయకట్టంతా ప్లాట్లయిపోయిన చెరువు సాగునీటి చెరువా? దాని కింద సాగు లేదు, నీళ్లున్నాయి, చలికాలం బాతులు దిగుతాయి. అడిగితే సాగు చెరువు కాబట్టి చిత్తడి నేల కాదంటారు, సాగు లేదు కాబట్టి నీటిపారుదలవాళ్లు పట్టించుకోరు. అట్లాసులో 2.25 హెక్టార్ల లోపు నీటి చుక్కలు దేశమంతటా 5,55,557 లెక్కకొచ్చాయి. రెండు లక్షల పెద్దవాటి గురించి కోర్టులు తేదీలు వేస్తుంటే ఈ అయిదున్నర లక్షలు మొరం టిప్పర్ల పాలవుతున్నాయి. అట్లా అని అక్కడ కొన్నవాడు క్షేమమని కాదు. ఊరుమ్మడి చెరువుల మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టినా అది సాకు కాదని తేల్చేసింది. చెరువును చిత్తడి నేల కాదన్నంత మాత్రాన అది స్థలం అయిపోదు.

ఇక డబ్బు సంగతి. పల్లపు నేల ఎకరం లెక్కన చవకగా కొంటారు. కొండను తొలిచి తెచ్చిన మొరంతో మూడడుగులు, నాలుగడుగులు లేపుతారు. రోడ్డు గీస్తారు, గేటు పెడతారు, డిసిమిల్ లెక్కన అమ్ముతారు. చెరువు కనబడే వైపు ప్లాటుకు ధర ఎక్కువ కూడా. నీళ్లు కనబడుతున్నాయని ఎక్కువిచ్చి కొన్నవాడే, రేపు నీళ్లకు దగ్గరగా ఉందన్న కారణంతో అనుమతి రాక తిరుగుతాడు. అప్పటికి లేఅవుటు వేసినవాళ్లు ఇంకో ఊళ్లో ఇంకో గేటు పెడుతుంటారు. హద్దు గీయకపోవడం వల్ల ఎవరికి లాభమో అడిగితే నా సమాధానం ఇదే: గీత లేనన్నాళ్లూ అమ్మేవాడికి సందేహమే పెట్టుబడి. బిల్డర్లు ఈ నిబంధనల మీద చేసే ఫిర్యాదులు నేను పెద్దగా నమ్మను. వాళ్లకు నిజంగా ఇబ్బందైతే హద్దు రాళ్లు పాతమని వాళ్లే ధర్నా చేసేవారు.

"గీత గీశాక ఏమవుతుందో చూడలేదా?" అని నన్ను ఎదురడిగేవాళ్లున్నారు. హైదరాబాదులో 2024లో చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన జాగా) అనే మాటలు టీకొట్టు దగ్గర కూడా వినబడుతున్నాయి. ఆ ఆగస్టులో తమ్మిడికుంట పక్కన ఎన్ కన్వెన్షన్ కూలుతున్న దృశ్యం చూడని తెలుగువాడు లేడు. అయితే అక్కడ పదేళ్లకు పైగా నిబంధన కాగితం మీద ఉంది. 2012 భవన నిబంధనల్లోనే పది హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు వదలాలని రాసుంది. ఆ మధ్యలో లెక్కలేనన్ని రిజిస్ట్రేషన్లు జరిగాయి. కూల్చివేత గీత వల్ల రాలేదు, గీతను కట్టడాల తర్వాత నేలకు దించడం వల్ల వచ్చింది. కొల్లేరుదీ అదే బాట. 1999లో అయిదో కాంటూరు (ఎత్తును బట్టి గీసే గీత) దాకా అభయారణ్యం అన్నారు, లోపల జిరాయితీ భూములున్నాయి, వాటి లెక్క ముందుగా తేల్చలేదు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, మూడో కాంటూరుకు కుదించమన్న పాట ఇంకా ఆగలేదు. బెంగళూరుది ఇంకో రకం. హరిత ట్రైబ్యునల్ 2016లో సరస్సుల చుట్టూ 75 మీటర్లు వదలమంది, మాస్టర్ ప్లానులో ఉన్నది 30. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ 75ను కొట్టేసింది. మధ్యలో ఆ మూడేళ్లు 30కీ 75కీ నడుమ స్థలం ఉన్నవాడు ఏ లెక్కన ప్లాను గీయించుకోవాలి? కొలత పెద్దదా చిన్నదా అన్నదాని మీద శాస్త్రవేత్తలు వాదించుకోవచ్చు. ఇల్లు కట్టుకునేవాడికి కావాల్సింది కొలత మారకపోవడం.

కాబట్టి నేను అడిగేది మెతక నిబంధన కాదు. 50 మీటర్లు ఉంచండి, కావాలంటే పెంచండి. అయితే ఆ గీతను డ్రోను సర్వేతో తీసి, నేల మీద రాళ్లు పాతి, గీత లోపల పడ్డ ప్రతి ప్లాటు నంబరు పక్కనా భూలేఖ్‌లో ఆ మాట రాయండి. 8-ఎ దరఖాస్తు, రిజిస్ట్రేషను, ప్లాను అనుమతి మూడుచోట్లా అదే గీత కనబడాలి. కిస్సం మార్చిన తర్వాత కాదు, మార్చకముందే. ఇందులో ప్రమాదం లేకపోలేదు. మా సరిహద్దు అవతల ఆంధ్రలో 22-ఎ జాబితా, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితా పేరు చెబితే చాలు, పొరపాటున నంబరు ఎక్కిపోయి ఏళ్ల తరబడి కలెక్టరేటు మెట్లెక్కుతున్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. పేరు ఎక్కించడం ఒక్క రోజు, తీయించడం ఒక తరం. జాబితాతోపాటే అప్పీలుకు గడువూ, గడువులో జవాబివ్వకపోతే ఆ అధికారికి పూచీ కూడా రాయకపోతే కొత్త బల్ల కింద కొత్త చేతులు పుట్టుకొస్తాయి.

పాత ఇళ్ల గురించి ఇంకో మాట. గీత లోపల పడే ఇళ్లన్నీ కబ్జాలు కావు. వాటిలో చెరువుతో పాటే పుట్టిన వీధులున్నాయి, జాలరి గుడిసెలున్నాయి, మేం పుట్టకముందే కట్టిన పెంకుటిళ్లున్నాయి. కొత్త శాశ్వత కట్టడం కూడదని నిబంధన చెబుతుంది. ఉన్న ఇంటి కప్పు కూలితే స్లాబు వేసుకోవచ్చా, మరుగుదొడ్డి కట్టుకోవచ్చా, కొడుక్కి పెళ్లయితే పైన గది వేయొచ్చా అన్నది ఇంటివాళ్లకు అర్థమయ్యేలా ఎక్కడా లేదు. ఒకే ఆఫీసులో రెండు బల్లల దగ్గర రెండు జవాబులు విన్నాను. నా అభిప్రాయం: మరమ్మతుకు, మరుగుదొడ్డికి అడ్డు చెప్పకూడదు, విస్తీర్ణం పెంచడానికి, పై అంతస్తుకు ఒప్పుకోకూడదు, మురుగు చెరువులోకి పోతుంటే మాత్రం ఎంత పాత ఇల్లయినా వదలకూడదు. నా దగ్గర పైగది ప్లాను గీయించుకుందామని వచ్చేవాళ్లకు ఇది నచ్చదు. చెరువు మీద అలిగినవాడి సామెత ఎలాగూ ఉంది, నా మీద అలిగితే నష్టం లేదు.

రాళ్లు పాతితే భూమి ధరలు పడిపోతాయన్న భయం ఒకటి వినిపిస్తుంటుంది. 20 మీటర్లలో ఉన్న ప్లాటుకు పడిపోతుంది, పడిపోవాలి కూడా, దానికి ఇప్పుడున్న ధరే అబద్ధం. 60 మీటర్లలో ఉన్నదానికి పెరుగుతుంది. ఈ రోజు రెండూ ఒకే అనుమానపు ధరకు అమ్ముడుపోతున్నాయి, 60 మీటర్లవాడు 20 మీటర్లవాడి పాపం మోస్తున్నాడు.

ఏదైనా చెరువును చిత్తడి నేలగా ప్రకటించే ముసాయిదా వస్తే అభ్యంతరాలకు 60 రోజులు ఇస్తారు. మావైపు ఇవి ఒడియాలో, ఇంగ్లిషులో వస్తాయి. తెలుగు తప్ప చదవలేని పెద్దవాళ్ల పేరున ఉన్న స్థలాలు బరంపురం నుంచి గిరిసోలా దాకా బోలెడున్నాయి. వాళ్ల పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి ఈ బ్లాగు చదువుతుంటారు. మీ నాన్నగారి ప్లాటు నంబరు ఒకసారి భూలేఖ్‌లో వేసి కిస్సం చూడండి, చుట్టుపక్కల నంబర్లవి కూడా చూడండి. పక్కన జలాశయ అని కనబడితే పాత దస్తావేజు బయటికి తీసి చెక్కుబందీ చదవండి. ఫైలిన్‌కో తిత్లీకో నీళ్లు ఎంతవరకొచ్చాయో చూపే ఫొటో ఇంట్లో ఉంటే, తేదీ వేసి దాచండి. గేజి లేని చెరువుకు రేపు అదే సాక్ష్యం, మీకు అనుకూలంగానైనా వ్యతిరేకంగానైనా. అభ్యంతరం రాసిపెట్టమంటే ఒడియాలో రాసిపెడతాను, డబ్బులు తీసుకోను. ప్లానుకు మాత్రం తీసుకుంటాను, అదీ గీతకు ఇవతల ఉంటేనే.